గ్రుడ్లను గుర్తింపక చెఱువులో మందు పోయరాదు

తొలకరి వానలకు చెఱువులును కుంటలును నిండినది మొదలు తామరాకుల క్రిందను, గుఱ్ఱపుడెక్క కాడలమీదను, జమ్ము తుంగల ఆకులమీదను పలువిధములైన గ్రుడ్లు కనబడుచుండును. కొన్ని జిగురుముద్దలవలె నుండును. కొన్ని నూగుతో కప్పబడి యుండును. కొన్ని నల్లని పొరలుగాను, కొన్ని నురుగుగాను, మఱికొన్ని నీటిపై తేలు చిన్నతెప్పలవలెను ఉండును. వీనిని చూచినంతనే రైతునకు కలుగు తలంపు సాధారణముగా ఒక్కటియే. ఇవి పురుగు గ్రుడ్లు. ఇవి పగిలి పిల్లలు వెడలిన పైరునకు ముప్పు. కనుక నేడే మందు కొట్టవలెను. పైరును నమ్ముకొని బ్రదుకువాని కిట్టి భయము కలుగుట సహజమే. అయినను ఆ మందు పడునది అతని మడిలో కాదు, ఊరందఱును వాడుకొను నీటిలో. పశువులు త్రాగునది ఆ నీరే. మత్స్యకారుల సహకార సంఘమువారు చేపపిల్లలను వదలునది ఆ నీటిలోనే. ఆయకట్టు తడియునది ఆ నీటితోనే. కావున ఇది ఒక్క రైతు తన యిష్టానుసారము నిర్ణయించుకొనదగిన విషయము కాదని మా అభిప్రాయము.

మేము చెప్పదలచినవి రెండు మాటలు. గ్రుడ్లు ఎవరివో తెలియకుండ చెఱువులో మందు పోయరాదనునది మొదటిది. వానిని తెలిసికొను భారమును ఒంటరి రైతుపై వదలక సంఘమే వహింపవలెననునది రెండవది. ఈ రెంటికిని కారణములను సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

గ్రుడ్లను చూచు విధము

గ్రుడ్డునకు నోరు లేదు, కాళ్లు లేవు, రెక్కలు లేవు. అందుచే పురుగును గుర్తించినంత సులభముగా గ్రుడ్డును గుర్తింపలేము. అయినను తల్లి దానిని ఎచ్చట పెట్టినది, ఎట్లు పేర్చినది, దేనితో కప్పినది అను మూడు సంగతులే దాని పుట్టుపూర్వోత్తరములను చాలవఱకు తెలుపును. పరీక్షించువాడు వరుసగా ఐదు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఏ మొక్క? గ్రుడ్లు నీటికి పైన నున్నవా, నీటిలో మునిగి యున్నవా? ఆకు పైభాగమున నున్నవా, అడుగున నున్నవా, కాడ లోపల నున్నవా? వానిపై నూగు, జిగురు, నురుగు మొదలగు కప్పు కలదా? ఒకటి రెండు దినములలో రంగు మాఱినదా?

ఈ ప్రశ్నలలో రెండవదియే మిక్కిలి ముఖ్యమైనది. మన పైరులను తిను లద్దెపురుగుల తల్లులు నేలమీద తిరుగాడు రెక్కపురుగులు. అవి సామాన్యముగా నీటికి పైనున్న ఆకుపై గ్రుడ్లు పెట్టును. నీటిలో మునిగి, తేటజిగురులో పొదిగినట్లుండు గ్రుడ్లు వానివి కావు. ఈ ఒక్క భేదము నెఱిగినచో చెఱువులో కనబడు గ్రుడ్లలో పెక్కింటినిగూర్చి పైరు విషయమై భయపడవలసిన పని యుండదు.

నిజమైన శత్రువులు

శత్రువులు లేవని మేము చెప్పుటలేదు. వరికి ప్రధానశత్రువు కాండము తొలుచు పురుగు. దాని తల్లి పసుపువన్నె రెక్కపురుగు. ఆడుదాని ముందఱి రెక్కలపై ఒక్కొక్క నల్లచుక్క యుండును. అది ఆకు కొనకు సమీపమున గ్రుడ్లను కుప్పగా పెట్టి, తన తోకనుండి రాల్చిన లేతగోధుమవన్నె నూగుతో కప్పును. ఒక్కొక్క కుప్పలో 15 మొదలు 80 వఱకు గ్రుడ్లుండును. అవి 5 మొదలు 8 దినములలో పగులును. పిల్లపురుగు కాండములోనికి దూరినచో పిలకల దశలో మొవ్వు చచ్చును, ఈనిక దశలో తెల్లకంకి వచ్చును. కాని యిది గ్రుడ్లు పెట్టునది ముఖ్యముగా వరిమీద. చెఱువులోని జమ్ము తుంగలమీద ఇట్టి నూగుకుప్పలే కనబడిన, అవి దాని దాయాదులగు వేఱు రెక్కపురుగులవి కావచ్చును. వానికి వెఱచి చెఱువున మందు పోసినంతమాత్రమున నారుమడికి రక్షణ కలుగదు. వెదకవలసినది నారుమడిలో. నాటుటకు ముందు నారు కొనలను త్రుంచివేసిన అచ్చటి గ్రుడ్లు పైసా వ్యయము లేక పోవును. నాటిన పిమ్మట చదరపు మీటరునకు ఒక గ్రుడ్లకుప్ప కనబడువఱకును మందు ఆలోచన అక్కఱలేదని వ్యవసాయశాఖవారు చెప్పుచుండుట సభ్యు లెఱిగినదే.

పొగాకు లద్దెపురుగు తల్లియు తన గ్రుడ్లను నూగుతోనే కప్పును. ఒక్కొక్క కుప్పలో 200, 300 గ్రుడ్లవఱకు నుండును. ఇది తామరాకును గూడ తినును. తామరకొలను ప్రక్కనే మిరప, వేరుసెనగ, పొగాకు నారు వేసినవారు ఆకుల అడుగుభాగమును చూచుచుండుట మంచిది. నూగుకుప్ప కనబడిన ఆకును త్రుంచి తీసికొనవలెను. గట్లవెంట ఆముదపు మొక్కలను ఎరపంటగా నాటినచో తల్లిపురుగు వానిపై గ్రుడ్లు పెట్టును, ఏఱివేయుట సులభమగును. నూగు క్రింద నున్న గ్రుడ్లకు మందు సరిగా తగులదు. చేతితో త్రుంచిన ఆకు మాత్రము తప్పించుకొనిపోదు.

పశువులకు శత్రువు జోరీగ. ఇది నీటిపైకి వంగిన ఆకులమీదను, కాడలమీదను కొన్ని వందల గ్రుడ్లను పొరలు పొరలుగా అంటించును. పెట్టినప్పుడు తెల్లగా నుండి, పిమ్మట గోధుమవన్నెకును, నలుపునకును మాఱును. పిల్లలు వెడలి క్రిందనున్న నీటిలోనో బురదలోనో పడి పెరుగును. పెద్దదైన జోరీగ ఎద్దులను, గేదెలను, గుఱ్ఱములను కుట్టి రక్తము పీల్చుటయేగాక సర్రా యను వ్యాధిని ఒక పశువునుండి మఱియొకదానికి చేర్చును. చెఱువుగట్టున నల్లనిపొర గల ఆకు కనబడిన కోసి, గట్టుకు దూరముగా పొడినేలలో లోతుగా పాతిపెట్టవలెను. దీనికి కావలసినది ఒక కొడవలి మాత్రమే.

దోమలనుగూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. మలేరియా క్రిమి దోమకడుపులో పెరుగుటను రొనాల్డ్ రాస్ 1897 వ సంవత్సరమున కనిపెట్టినది మన సికిందరాబాదునందే. ఆ వ్యాధిని వ్యాపింపజేయు అనాఫిలిస్ దోమ గ్రుడ్లను నీటిపై ఒక్కొక్కటిగా విడిచిపెట్టును. అవి చిన్నపడవలవలె నుండును. బోదకాలు వ్యాధిని తెచ్చు క్యూలెక్స్ దోమ మురికినీటియందు గ్రుడ్లను నిలువుగా పేర్చి నల్లని తెప్పవలె విడుచును. మాన్సోనియా దోమ గ్రుడ్లను అంతరతామర వంటి తేలుడుమొక్కల ఆకుల అడుగున గుంపుగా అంటించును. దాని పిల్ల ఇతర దోమపిల్లలవలె గాలి కొఱకు నీటిపైకి రాదు. మొక్క వేళ్లలో తన గొట్టమును గ్రుచ్చి అందలి గాలినే పీల్చుకొనును. కనుక నీటిపై కిరసనాయిలు పోసినను అది చావదు. ఆ దోమకు మందు అంతరతామరను లాగివేయుటయే. ఇచ్చట గ్రుడ్డును గుర్తించినవానికి పని తెలియును. గుర్తింపనివానికి నూనె ఖర్చు మిగులును.

మఱియొక శత్రువు పురుగే కాదు. ఆకుల అడుగున, నీటిలో మునిగి, వ్రేలి కొనంత తేటజిగురు ముద్దలో చిన్నచిన్న చుక్కలు కనబడినచో అవి సామాన్యముగా నీటినత్త గ్రుడ్లు. కొన్నిజాతుల నత్తలు పశువులకును, గొఱ్ఱెలకును కార్జపు జలగలను, పొట్ట జలగలను తెచ్చును. పేడతో నీటిలో పడిన జలగ గ్రుడ్డునుండి పిల్ల వెడలి నత్త దేహములో ప్రవేశించి పెరుగును; పిమ్మట వెలికివచ్చి గట్టుగడ్డికి అంటుకొనును; ఆ గడ్డిని మేసిన పశువునకు వ్యాధి కలుగును. పశువు చిక్కిపోవును, పాలు తగ్గును, దవడ క్రింద నీరు దిగును. పురుగుమందు పోసిన నత్త సామాన్యముగా చావదు. నత్తతోడి చేపపిల్ల మాత్రము చచ్చును. జిగురుముద్దలున్న ఆకులను తీసి యెండబెట్టుట, బాతులను విడుచుట, నీరు తీసిన చెఱువు అంచున మందను మేపకుండుట, పశువైద్యుని సలహాపై జలగలమందు త్రాగించుట, ఇవియే తగిన ఉపాయములు.

నీటికి పైన కాడలమీద గులాబివన్నె గ్రుడ్లగుత్తి కనబడినచో మాత్రము ఒక్కదినమైనను జాగు చేయరాదు. దక్షిణ అమెరికాకు చెందిన బంగారునత్త గ్రుడ్లు ఆ రంగున నుండును. ఆహారమున కుపయోగించునని 1980 ప్రాంతమున దానిని తైవానునకును, పిమ్మట ఫిలిప్పీన్సు దీవులకును తెచ్చిరి. అది మడులలోనికి ప్రాకి లేతవరినారును కొఱికివేసి ఆ దేశములందు గొప్ప చీడయైనది. మన దేశపు పెద్దనత్తగుల్ల పాలిపోయిన తెల్లని గ్రుడ్లను గట్టుమన్నులో పెట్టును గాని కాడకు అంటింపదు. గులాబిరంగు గ్రుడ్లు చూచినవారు వెంటనే సంఘమునకును, వ్యవసాయాధికారికిని తెలుపవలెను.

మనము చంపుచున్న మిత్రులు

ఇక రెండవప్రక్క. సన్నని దేహముగల తూనీగలు జమ్ముకాడలను చీల్చి లోపల గ్రుడ్లు పెట్టును. పైకి వరుసగా చిన్నగాట్లు మాత్రమే కనబడును. మఱికొన్ని తూనీగలు తోకను నీట ముంచుచు గ్రుడ్లు విడుచును. వాని పిల్లలు నీటిలో దోమపిల్లలను తినును. రెక్కలు వచ్చినపిమ్మట మడిమీద తిరుగుచు చిన్నపురుగులను పట్టి తినును. కూలి లేక పగలంతయు పనిచేయు నౌకరులివి.

నీటినల్లి జాతికి చెందిన పెద్దపురుగులలో ఒక విధమైనవానికి వింత అలవాటు కలదు. ఆడుది గ్రుడ్లను మగదాని వీపుపై అంటించును. పిల్లలు వెడలువఱకు మగది వానిని మోయుచు తిరుగును. మఱియొక విధమైన పెద్దపురుగు నీటికి పైన కాడమీద గ్రుడ్లను గుత్తిగా పెట్టును; మగది కావలి యుండి అప్పుడప్పుడు తన దేహముతో నీరు తెచ్చి తడుపును. ఇవి దోమపిల్లలను, నత్తలను తినును. అయినను ఈ పురుగులే చేపపిల్లలను పెంచు చిన్నకుంటలో నష్టము చేయును. అందుచేతనే చేపపిల్లల పెంపకమువారు హెక్టారునకు 56 కిలోల నూనెను, 18 కిలోల సబ్బును కలిపి నీటిపై వేయుట కలదు. ఆ నూనెపొర క్రింద పురుగులకు గాలి అందక చచ్చును. ఒక్క గ్రుడ్డే పెద్దచెఱువులో మిత్రుడు, పిల్లకుంటలో శత్రువు. కావున గ్రుడ్డు పేరొక్కటియే చాలదు. అది ఎచ్చట నున్నదియు చూడవలెను.

కప్పల గ్రుడ్లు జిగురులో నల్లచుక్కలవలె నుండును. గోదురుకప్పవి పొడుగాటి దండలుగా నుండును. చెట్టుకప్ప నీటిపైకి వంగిన కొమ్మకు నురుగుగూడు కట్టి అందు పెట్టును. కప్ప పురుగులను తిను ప్రాణియని రైతునకు మేము చెప్పవలసినది లేదు. కప్పకాళ్ల ఎగుమతిని మన ప్రభుత్వమువారు 1987 వ సంవత్సరమున నిషేధించిరి. విదేశములకు పంపకుండ కాపాడుకొన్న కప్పను మన మందుసీసాతో మనమే పొట్టన పెట్టుకొనుట వివేకము కాదు.

గుఱ్ఱపుడెక్క సంగతియు ఇట్టిదే. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఈ కలుపును తిను రెండుజాతుల ముక్కుపురుగులను 1980 దశకమున శాస్త్రజ్ఞులు మన దేశమునకు తెప్పించి, బెంగుళూరు ప్రాంతపు చెఱువులలో మొదట విడిచిరి. ఇవి కాడలోపల గ్రుడ్లు పెట్టును. పెద్దపురుగులు ఆకును గీకి చిన్నచిన్న మచ్చలు చేయును. పిల్లలు కాడను తొలుచును. ఆ మచ్చలను చూచి తెగులని భ్రమించి మందు కొట్టినచో కలుపు బ్రదుకును, దానిని తినునది చచ్చును.

గ్రుడ్డులోని గ్రుడ్డు

అన్నిటికన్న ముఖ్యమైనది కంటికి సరిగా కనబడనిది. కాండము తొలుచు పురుగు గ్రుడ్లలోపల తమ గ్రుడ్లు పెట్టు చిన్న కందిరీగలు మన మడులలోనే కలవు. ట్రైకోగ్రామా, టెలినోమస్, టెట్రాస్టికస్ అని శాస్త్రజ్ఞులు వానికి పేర్లు పెట్టిరి. వాని పిల్లలు శత్రువు గ్రుడ్డును లోపలనుండి తినివేయును. లద్దెపురుగు పుట్టదు, కందిరీగ పుట్టును. ట్రైకోగ్రామా పట్టిన గ్రుడ్డు నల్లబడును. కాబట్టి నిజమైన శత్రువు గ్రుడ్లకుప్పను చూచినప్పుడు సహితము దానిలో మన మిత్రుడే యుండవచ్చును.

ఈ ట్రైకోగ్రామాను ప్రయోగశాలలలో పెంచి అట్టలపై అంటించి అమ్ముచున్నారు. ఎకరమునకు ఒక విడతకు సుమారు 40,000 చొప్పున విడువవలెనని సలహా యిచ్చుచున్నారు. ఒక చేతితో రూకలిచ్చి కందిరీగలను కొని, మఱియొక చేతితో గట్టున ఊరక దొరకు కందిరీగలపై మందు చల్లుట ఏపాటి లెక్క? ఎలుకమీద కోపమున ఇల్లు తగులబెట్టుకొన్న సామెత ఇట్టివారికే తగును.

ఏఱిన గ్రుడ్లకుప్పలను నలిపివేయకుండుటకు ఒక చక్కని ఉపాయము కలదు. వానిని చిన్న వెదురుబుట్టలో నుంచి, ఆ బుట్టను నీరు పోసిన పళ్లెరములో పెట్టి, మడిగట్టున నుంచవలెను. లద్దెపిల్లలు వెడలినచో ప్రాకివచ్చి నీటిలో పడి చచ్చును. కందిరీగలు వెడలినచో ఎగిరి మడిలోనికి పోయి తమ పని చేయును. శత్రువునకు శిక్ష, మిత్రునకు విడుదల రెండును ఒక్క బుట్టతోనే జరుగును.

మందు పోసిన కలుగు నష్టము

కొందఱు సభ్యులు ఇట్లనవచ్చును: “ఇంత విచారణ చేయుచు కూర్చున్నలోపల గ్రుడ్లు పగిలి పురుగులు పైరుపై పడును గదా.” ఇది న్యాయమైన ప్రశ్నయే. దీనికి మా ప్రత్యుత్తరము. గ్రుడ్లున్న ఆకును త్రుంచి సీసాలో వేసినక్షణమే దానివలని భయము తీఱినది. విచారణ జరుగునంతకాలము అది సీసాలో బందీగా నుండును. ఆలస్యమువలన నష్టము లేదు. చెఱువులో పోసిన మందును మాత్రము తిరిగి తోడివేయలేము.

ఆ మందులలో పైరిథ్రాయిడు జాతివి చేపలకు మిక్కిలి విషములు. కొలది పాళ్లలోనే చేపపిల్లలను చంపును. అవి మిత్రపురుగులను చంపుటచే వరిలో సుడిదోమ మఱింత పెచ్చుపెరుగుటయు కలదు. ఆ దోమ గ్రుడ్లను ఆకుతొడిమ లోపల దాచి పెట్టును. పైనుండి చల్లిన మందు వానిని చేరదు. 1968 వ సంవత్సరపు పురుగుమందుల చట్టమును, దానిక్రింది నిబంధనలను అనుసరించి ప్రతిసీసాపై విషముయొక్క తీవ్రతను తెలుపు రంగుగుర్తు ఉండును. ఎఱుపు మిక్కిలి తీవ్రమైనది; పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగా తక్కువవి. ఆకుపచ్చ గుర్తున్నను చెఱువులో పోయవచ్చునని అర్థము కాదు. ఖాళీసీసాను, మందుకొట్టు యంత్రమును చెఱువులో కడుగుటయు చెఱువులో మందు పోయుటతో సమానమే.

సంఘము చేయవలసిన పని

1904 వ సంవత్సరపు చట్టము సహకార సంఘములను అప్పుల కొఱకు మాత్రమే ఏర్పఱచెను. 1912 వ సంవత్సరపు చట్టము ఇతర కార్యములకును త్రోవ తీసెను. అప్పటినుండి విత్తనములు, ఎరువులు, మందులు అమ్ముట సంఘముల కలవాటైనది. ఇచ్చటనే ఒక చిక్కు కలదు. మందు అమ్ముడుపోయినకొలది సంఘపు అంగడికి కొంత లాభము వచ్చును. అవసరములేని మందు కొన్న సభ్యునకు నష్టము వచ్చును. సభ్యుని నష్టమువలన వచ్చు లాభము సహకారము కానేరదు. మందుసీసాను అమ్ము అంగడి మొదట భూతద్దమును ఉంచుకొనవలెనని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము.

దీనికై ప్రతిసంఘమును చేయదగిన ఏర్పాటులు ఇవి. కార్యాలయమున ఒక మంచి భూతద్దమును, పది వెడల్పుమూతి గాజుసీసాలను ఉంచవలెను. గ్రుడ్లు చూచిన సభ్యుడు ఆకుతో సహా త్రుంచి, నీటిలో నున్నవైన ఆ చెఱువునీటితోను, నీటికి పైన నున్నవైన తడిగుడ్డముక్కతోను సీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి తీసికొనిరావలెను. సీసాపై తేది, చెఱువుపేరు, మొక్కపేరు, గ్రుడ్లు నీటికి పైనా లోపలనా అను నాలుగు సంగతులు వ్రాసిన కాగితము అంటింపవలెను. సీసాను నీడలో నుంచి ప్రతిదినము చూచి, ఏమి వెడలినదో ఒక పుస్తకమున వ్రాయవలెను. సంఘములో చదువుకొన్న యువకులకు ఈ పనిని వంతులవారీగా అప్పగింపవచ్చును. తెలియనివానిని చేతిఫోనుతో ఛాయాచిత్రము తీసి కృషి విజ్ఞాన కేంద్రమునకు పంపవలెను. రెండు మూడు సంవత్సరములు గడచునప్పటికి మన చెఱువులో ఏ నెల ఏ గ్రుడ్లు కనబడునో తెలుపు గ్రంథము మన ఊరిలోనే తయారగును. అట్టి గ్రంథమును ఏ అంగడిలోను కొనలేము.

ఇక చెఱువు విషయమై ఒక కట్టుబాటు కావలెను. ఆయకట్టు రైతులు, మత్స్యకారుల సంఘము, గ్రామపంచాయతీ ముగ్గురును కూడి సమ్మతించిననే తప్ప చెఱువునీటిలో ఏ మందును పోయరాదని తీర్మానము చేయవలెను. సంఘపు అంగడిలో “చెఱువున పోయుటకు” అని అడిగినవారికి సీసా ఇయ్యక, మొదట గ్రుడ్లు చూపుమని అడుగవలెను. ఇది సభ్యుని అవమానించుట కాదు. అతని రూకలను, అతని పొరుగువాని పశువులను కాపాడుట.

ఈ కట్టుబాటు వలన పనులు ఆగిపోవునని కొందఱు శంకింపవచ్చును. పైన చెప్పిన శత్రువులలో ఏదానికిని చెఱువున పురుగుమందు పోయుట ఉపాయము కాదని పాఠకులు గమనించియే యుందురు. లద్దెపురుగునకు ఆకు త్రుంచుట, జోరీగకు కొడవలి, మాన్సోనియా దోమకు అంతరతామరను లాగుట, నత్తకు బాతులు. ఇవన్నియు చేతిపనులు. పదిమంది కూడిన ఒక పూటలో తీఱునవి. ఒంటరిగా చేసిన మాత్రము ఎన్నటికిని తీఱవు, ఏలయన చెఱువు ఒక్కనిది కాదు. ఒక్కనిది కానిదానిని పదుగురు కూడి కాపాడుటకే గదా మనము సంఘముగా నేర్పడితిమి.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చి, భూతద్దమునకును సీసాలకును కావలసిన స్వల్పవ్యయమును మంజూరుచేసి, చెఱువు కట్టుబాటును తీర్మానింతురని సభ్యులను ప్రార్థించుచున్నాము.